వేలం సైట్లో స్ప్లెండర్: 35 వేలలో బయటపడగలనా?

ఉండవల్లి కుర్రోడు · శనివారం, రాత్రి 10:40

అందరికీ నమస్కారం. మాది ఉండవల్లి. విజయవాడ ఆటోనగర్‌లో లేత్ షాపులో పని. పొద్దున పూట షేర్ ఆటోలో బ్యారేజీ దాటి, బస్టాండ్ దగ్గర ఇంకో ఆటో ఎక్కి పోతున్నా. రాత్రి తొమ్మిదిన్నర దాటాక షట్టర్ దించితే మాత్రం నరకం. మా వైపు ఆటోలు దొరకవు, దొరికినా ఒక్కడి కోసం రానంటారు. అందుకని బండి కావాలి. చేతిలో 35 వేలున్నాయి. అందులో పదిహేను అమ్మ చీటీ పాడి ఇచ్చినవి. అప్పు మాత్రం చెయ్యను.

ఫైనాన్స్ కంపెనీలు కిస్తీలు కట్టనివాళ్ల దగ్గర లాక్కొచ్చిన బండ్లు ఆన్‌లైన్‌లో వేలం వేస్తారని షాపులో ఒకాయన చెప్పాడు. సైటు తెరిచి చూస్తే 2018, 2019 స్ప్లెండర్ ప్లస్‌లు 14 వేలకి, 16 వేలకి కనపడుతున్నాయి. బయట అదే బండి 42 వేలకి తక్కువ ఎవరూ చెప్పట్లేదు. ఇంత తేడా ఎందుకు? కొన్నవాళ్లెవరైనా ఉంటే చెప్పండి అన్నలూ. నాకు మెషీన్ పని తెలుసు, కాయితాల పని తెలియదు.

పదిపన్నెండు స్పానర్ · శనివారం, రాత్రి 11:25

తమ్ముడూ, మాది నెల్లూరు, ఇరవై రెండేళ్లుగా బండ్ల షెడ్డు. 14 వేలనేది సర్కారువారి పాట. అక్కడ మొదలవుద్ది, అక్కడ ఆగదు. మీ అమ్మగారు చీటీ పాడారు కదా, ఇదీ అంతే. పది మంది కూర్చున్నాక ఎక్కడ తేలుద్దో ఎవరూ చెప్పలేరు.

ఇంకోటి. లాక్కొచ్చిన బండ్లు ఉంచే యార్డులో ఎండకీ వానకీ ఏడాది పడున్న బండి, రోజూ తిరిగిన బండి ఒకటి కాదు. బ్యాటరీ చచ్చిపోయుంటది. కార్బురేటర్‌లో పెట్రోలు ఎండి జిగురు పట్టుద్ది. ట్యాంకు లోపల తుప్పు. టైర్లు గాలి దిగి ఒకే చోట నిలబడి పగుళ్లు తేలతాయి. ఎలకలు వైరింగ్ కొరికిన బండ్లు నా షెడ్డుకి ఎన్నొచ్చాయో లెక్కలేదు. ఇవన్నీ బాగు చెయ్యచ్చు, చెయ్యలేనివేం కాదు. కానీ పాట పాడేటప్పుడే ఆ ఖర్చు మనసులో ఉండాలి.

యార్డు మనిషి · ఆదివారం, ఉదయం 7:10

నేను మేడ్చల్ దిక్కు ఒక రికవరీ యార్డుల ఆరేండ్లు పని చేసిన, ఇప్పుడు మానేసిన. లోపల ఎట్ల నడుస్తదో చెప్త, తమ్మీ.

బండి యార్డుకు వచ్చిన దినమే ఇన్వెంటరీ షీటు రాస్తరు. బ్యాటరీ ఉన్నదా, అద్దాలున్నయా, తాళం ఉన్నదా, మీటరు ఎంత, టైర్లు ఎంత అరిగినయ్. ఆ షీటు కాపీ అడుగు. సైటుల ఉన్న ఫొటోలు గా దినం తీసినవే. నువ్వు పాట పాడేనాటికి ఎన్మిది నెలలు గడిచి ఉండొచ్చు. షీటుల ఉన్న బ్యాటరీ, కార్బురేటర్ ఇప్పుడు బండికి ఉన్నయా లేవా కండ్లతోని చూడాలె. పోయిన సామాను గురించి తర్వాత మాట్లాడితె ఎవ్వరూ వినరు, ఎందుకంటె నువ్వు సంతకం పెట్టేదే "ఉన్నచోట, ఉన్నది ఉన్నట్టు" అని.

సైటుల చేరాలంటె పాన్, ఆధార్ ఇచ్చి ధరావతు కట్టాలె. అది తిరిగొచ్చే పైసలే. కాని పాట గెలిచి, గడువుల డబ్బు కట్టకపోతె పోతయి. పాట గెలుస్తె బండి నీదైనట్టు కాదు. చాన బండ్లకు "అప్రూవల్ మీద" అని రాసుంటది. అంటె నీ పాట కంపెనీకి నచ్చితెనే ఇస్తరు, లేకుంటె మళ్ల వేలానికి పెడ్తరు. ఒప్పుకున్నంక డబ్బు కట్టాలె, పైనుంచి సైటు ఫీజు, దాని మీద జీఎస్టీ. అప్పుడు డెలివరీ ఆర్డరు ఇస్తరు, అది చూపిస్తె గేటు పాసు. చెప్పిన తారీఖు దాటితె రోజుకింత అని పార్కింగ్ పడ్తది.

చూడటానికి పోయే దినం మెకానిక్‌ను తోల్కపో. స్టార్ట్ చెయ్యనియ్యరు చాన దిక్కుల. కిక్కు కొట్టి చూసుడు మటుకు ఆపరు.

బేరగాడు · ఆదివారం, ఉదయం 9:02

నేను తిరుపతిలో సెకండ్ హ్యాండ్ బండ్ల వ్యాపారం చేస్తా. మొహమాటం లేకుండా చెప్తాండా. ఒక్క బండి కోసం వేలానికి పోవద్దు. మేము పది బండ్లు కొంటే రెండు ముంచుతాయి, ఎనిమిదిట్లో ఆ నష్టం పూడ్చుకుంటాం. నీకు ఉండేది ఒకటే. అది మునిగితే నీ డబ్బులన్నీ మునిగినట్టే. పైగా మాకు సొంత మెకానిక్, సొంత ఆటో, ఆర్టీఓ ఆఫీసులో తిరిగే మనిషి ఉంటారు. అందుకే 14 వేల బండి మాకు కలిసొస్తాది.

మీ ఊర్లో ఎవురైనా తెలిసినోళ్లు వాడిన బండి, మొదటి ఓనరు చేతి బండి, 38 వేలైనా అదే మేలు.

ఉండవల్లి కుర్రోడు · ఆదివారం, మధ్యాహ్నం 1:15

అందరికీ థ్యాంక్స్. బేరగాడు అన్నా, మీరు చెప్పింది అర్థమైంది. కానీ 38 నా దగ్గర లేవు. ఉన్నదాంట్లో దొరికే దారేదో వెతుక్కుంటున్నా.

ఒక డౌట్. కొన్ని బండ్ల కింద "ఆర్‌సీ ఉంది" అని, కొన్నిటి కింద "ఆర్‌సీ లేదు" అని ఉంది. లేనివి మూడు నాలుగు వేలు తక్కువకి పోతున్నాయి. డూప్లికేట్ తీసుకుంటే సరిపోదా?

వైరా టీచర్ · ఆదివారం, రాత్రి 8:30

బాబూ, ఆ మూడు వేల కోసం ఆశపడకు. డూప్లికేట్ ఆర్‌సీకి దరఖాస్తు పెట్టాల్సింది రికార్డులో ఉన్న ఓనరు. బండి గుంజుకుపోయిన కోపంలో ఉన్న మనిషి నీ కోసం వచ్చి సంతకం పెడతాడా?

మా తమ్ముడి బండి విషయంలో నేను ఏడాది తిరిగాను కాబట్టి ఈ ఫారాల నెంబర్లు నాకు కంఠతా వచ్చేశాయి. మామూలుగా చేతులు మారే బండికి ఫారం 29, ఫారం 30. లోన్ ఉన్న బండికి ఆ లోన్ తీసేసినట్టు ఫారం 35, దాంతోపాటు ఫైనాన్స్ వాళ్ల ఎన్‌ఓసీ, అంటే అభ్యంతరం లేదన్న పత్రం. వేరే రాష్ట్రం అయితే ఫారం 28. ఇవి చాలామందికి తెలుసు. తెలియనిది ఫారం 36. కిస్తీలు కట్టక బండిని స్వాధీనం చేసుకున్నప్పుడు పాత ఓనరు ఆర్‌సీ ఇవ్వకపోతే, ఫైనాన్స్ కంపెనీ ఫారం 36 పెట్టి తన పేరు మీదే కొత్త ఆర్‌సీ తీసుకోవచ్చు. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 51లోనే ఉంది. ముందుగా ఆర్టీఓ పాత ఓనరుకి నోటీసు పంపాలి, ఆయన మాట వినాలి, ఆ తరవాతే ఇస్తారు. అలా కంపెనీ పేరు మీదకి వచ్చిన బండిని కొంటే నీకు సంతకం పెట్టేది కంపెనీయే. పని శుభ్రంగా అవుతుంది.

అంచేత బండి చూడకముందే యార్డు వాళ్లని ఒకే ప్రశ్న అడుగు. "ఆర్‌సీ ఇప్పుడు ఎవరి పేరు మీద ఉంది?" పాత ఓనరు పేరు మీదే ఉందంటే, ఆయన సంతకం ఎవరు తెస్తారో కాగితం మీద రాసిమ్మను. ఇంజన్ పాడైతే నువ్వే బాగు చేసుకోగలవు. సంతకాన్ని ఏ లేత్ మీదా తయారు చెయ్యలేవు కదా.

పేరు మార్చుకోవడానికి కొన్నవాళ్లకి 30 రోజుల గడువు. దాన్ని తేలిగ్గా తీసుకోకు. 2018 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు నవీన్ కుమార్, విజయ్ కుమార్ కేసులో తేల్చి చెప్పింది. ఆ బండి చాలా చేతులు మారింది, ప్రమాదం జరిగేనాటికి రికార్డులో మాత్రం మొదటాయన పేరే ఉంది. పరిహారం ఆయన మీదే పడింది.

కంది చేను · ఆదివారం, రాత్రి 11:48

మాది సంగారెడ్డి దగ్గర. ఈ ముచ్చట రెండు దినాల సంది చదువుతున్న. రాయాల్నా వద్దా అనుకున్న.

మీరు పాట పాడేటి బండ్లల్ల నాదొకటి ఉండె. 2019ల పల్సర్ 150 లోన్ మీద తీసుకున్న. కంపెనీల కాంట్రాక్టు పని. 2020ల లాక్‌డౌన్ పడ్డది, మార్చి నుంచి ఆగస్టు దాక మారటోరియం అన్నరు. గా ఆర్నెల్లు కట్టకపోతె మాఫీ అనుకున్న, వడ్డీ పెరుగుతదని నాకెవ్వరు చెప్పలే. తర్వాత పని పోయింది. మూడు కిస్తీలు తప్పినయ్. ఒక దినం సదాశివపేట రోడ్డు మీద ఇద్దరు వచ్చి ఆపిండ్రు, తాళం గుంజుకున్నరు. నా కూతురు వెనక కూసున్నది. ఇద్దరం బస్సు కోసం గంటన్నర నిలబడ్డం.

బండి 31 వేలకు అమ్మినం, ఇంకా 22 వేలు బాకీ ఉన్నవ్ అని నోటీసు వచ్చింది. ఎప్పుడు అమ్మిండ్రో, ఎవరికి అమ్మిండ్రో తెల్వది. అమ్మే ముందు ఒక్క మాట చెప్తె మా బావమరిది దగ్గర తెచ్చి కడ్తుంటి.

కొనేటోళ్లను తప్పు పడ్తలేను తమ్మీ. బండి వెనక ఒక మనిషి ఉంటడని చెప్పాలనిపించింది, అంతే.

వైరా టీచర్ · సోమవారం, ఉదయం 6:20

అన్నా, పొద్దున్నే మీ పోస్టు చదివి మనసు పాడైంది. రెండు విషయాలు చెప్పాలి.

ఒకటి, స్వాధీనం చేసుకునే ముందు నోటీసు గడువు, అమ్మే ముందు బాకీ కట్టుకోవడానికి చివరి అవకాశం, ఈ రెండూ ఒప్పందంలో ఉండాలని ఆర్‌బీఐ నియమం. మీ లోన్ ఒప్పందం కాపీ తీయండి. అమ్మకం లెక్క, నోటీసు పంపినట్టు రుజువు రాతపూర్వకంగా అడగండి. జవాబు రాకపోతే ఆర్‌బీఐ ఓంబుడ్స్‌మన్‌కి ఆన్‌లైన్‌లోనే ఫిర్యాదు పెట్టొచ్చు, పైసా ఖర్చు లేదు.

రెండోది ఇంకా ముఖ్యం. ఈ రోజే మీ పల్సర్ నెంబరు కొట్టి రవాణా శాఖ సైట్లో రికార్డు చూడండి. బండి ఇప్పటికీ మీ పేరు మీదే ఉందేమో. ఉంటే ఎవడో తిప్పుతున్న బండికి నోటీసులు మీ ఇంటికొస్తాయి.

కంది చేను · సోమవారం, మధ్యాహ్నం 2:05

చూసిన మేడం. నా పేరే ఉన్నది. నాలుగు చలాన్లు కూడ ఉన్నయి, రెండు ట్రిపుల్ రైడింగ్. ఫొటోల మా బండే. ట్యాంకు మీద మా బిడ్డ అతికిచ్చిన సీతాకోక చిలుక స్టిక్కర్ ఇంకా అట్లనే ఉన్నది.

యార్డు మనిషి · సోమవారం, సాయంత్రం 5:40

అన్నా, లోన్ ఇచ్చిన దినమే ఖాళీ 29, 30 ఫారాల మీద సంతకాలు తీస్కొని ఉంటరు, యాదికి తెచ్చుకో. గవి అట్లనే వేలంల కొన్న డీలరుకు పోతయ్. డీలరు నింపడు, కొనేటోనికి ఖాళీగనే ఇస్తడు. గాయిన కూడ నింపడు. గిట్ల నాలుగు చేతులు మారినయ్ నేను చూసిన. యార్డుల మా పని గేటు దాటిచ్చుడు వరకే ఉండె. రికార్డు మారిందా లేదా అని మేము అడగలే, అడగాల్సి ఉండె.

నువ్వు ఇప్పుడు చేయాల్సింది: ఫైనాన్స్ కంపెనీకి రిజిస్టర్ పోస్టుల లెటర్ రాయి. బండి ఫలాన తారీఖు మీ స్వాధీనం అయింది, అమ్మిన తారీఖు, కొన్న మనిషి వివరాలు ఇయ్యండి అని. గదే కాపీ ఆర్టీఓకు ఇచ్చి ముద్ర వేయించుకో. గదే కాపీ చలాన్ల కోసం ట్రాఫిక్ పోలీసులకు కూడ ఇయ్యి.

బేరగాడు · సోమవారం, రాత్రి 9:15

ఖాళీ ఫారాల మీద బండ్లు నేనూ అమ్మినా. మా లైన్లో అందురూ అట్లే చేస్తారు, ట్రాన్స్‌ఫర్ ఖర్చు కొన్నాయన మీద ఏసేస్తాము. ఈ పోస్టులు చదివినాక షాపులో కూచొని పోయిన సంవత్సరం అమ్మినవాట్లో ఎన్ని మారినాయో చూసినా. పదకొండు మారలేదు. రేపట్నించి ఫోన్లు చేస్తాను.

పాత ఆర్ఎక్స్ · మంగళవారం, ఉదయం 10:30

మధ్యలో వచ్చినందుకు క్షమించండి. ఓనర్లు వదిలేసిన బండ్లని పోలీసులు వేలం వేస్తారు కదా, కేంద్ర ప్రభుత్వ సంస్థ ఎంఎస్‌టీసీ వేలం సైట్లో కూడా వస్తుంటాయి. అక్కడ ఆర్ఎక్స్ 100 దొరుకుద్దా? 1985 నుంచి 1996 దాకానే తయారైన బండి కాబట్టి ఎక్కడ దొరికినా వదలను.

పదిపన్నెండు స్పానర్ · మంగళవారం, ఉదయం 11:50

చాలా లాట్లు తుక్కు కిందే అమ్ముతారు అన్నా. నోటీసులో "స్క్రాప్" అన్న మాట ఉందంటే ఆ బండి మళ్లీ రోడ్డెక్కదు, ఆర్‌సీ రాదు, మీరు కొనేది ఇనుము. అదీ విడిగా ఒక బండి ఇవ్వరు, యాభై, వంద కలిపి లాటు కడతారు. వాడుకోడానికి పనికొచ్చేవి అని నోటీసులోనే ఉంటే అది వేరే దారి. ప్రభుత్వం వేసే బహిరంగ వేలంలో కొంటే ఫారం 32 ఉంటది. వేలం వేసిన అధికారి ఇచ్చిన ధ్రువీకరణ పత్రం దానికి జత చేసి 30 రోజుల్లో ఇవ్వాలి. ఎక్సైజ్ స్టేషన్లలో వేసే వేలాల్లో నా దగ్గరికొచ్చే కుర్రాళ్లు ఇద్దరు అలా కొన్నారు, పేరు మారింది. ఆర్ఎక్స్ అయితే చాసిస్ నెంబరు ముందు చూసుకో. ఆ బండికున్న గిరాకీకి నెంబరు కొట్టేసినవి చాలా తిరుగుతున్నాయి.

డాలస్ కడప · మంగళవారం, రాత్రి 11:10

నేను కడప, ఇప్పుడు డాలస్‌లో ఉంటాండా. ఈడ కూడా ఇదే కథ. ఈబేలో, కోపార్ట్‌లో బైకులు వేలానికి వస్తాయి. ఆర్‌సీ బదులు ఈడ టైటిల్ అంటారు. ప్రమాదంలో ఇన్సూరెన్స్ వాళ్లు ఇంక పనికిరాదని రాసేసిన బండికి సాల్వేజ్ టైటిల్ ఉంటాది. బాగు చేసి తనిఖీ చేయించినాక రీబిల్ట్ అంటారు, కానీ ఆ ముద్ర జీవితాంతం పోదు, అమ్మేటప్పుడు ధర రాదు. నేను ఈబేలో ఒక హోండా చూసి, దొంగ బండ్లు, ఇన్సూరెన్స్ మోసాలు చూసే ఎన్ఐసీబీ అనే సంస్థ సైట్లో ఉచితంగా విన్ నెంబరు (మన చాసిస్ నెంబరే) కొట్టి చూస్తే సాల్వేజ్ అని తేలింది. అమ్మేటాయన ప్రకటనలో ఆ మాటే లేదు. తమ్ముడూ, ఏ దేశమైనా ఫొటో కంటే ముందు నెంబరు చూడల్ల.

ఉండవల్లి కుర్రోడు · బుధవారం, రాత్రి 10:05

ఈ రోజు సెలవు పెట్టి గన్నవరం దాటాక ఉన్న ఒక యార్డుకి వెళ్లొచ్చా. మా షాపు పక్కన మెకానిక్‌ని తీసుకెళ్లా. అలాంటి చోటు చూడటం ఇదే మొదటిసారి. వందల బండ్లు వరసగా, కొన్నిటి సీట్ల మీద గడ్డి మొలిచింది. కంది చేను అన్న రాసింది గుర్తొచ్చి కాసేపు ఏం చూడబుద్ధి కాలేదు.

రెండు స్ప్లెండర్లు చూశాం. ఒకటి 2019, ఏపీ 39 నెంబరు. రెండోది 2018, ఏపీ 16. వరసలో నాకు నచ్చిన బండి ఇంకోటుంది, కేఏ నెంబరు, చాలా నీట్‌గా ఉంది, పాట కూడా తక్కువే.

2018 బండి ఆర్‌సీ కంపెనీ పేరు మీదకి మారిపోయింది, కాపీ చూపించారు. 2019ది ఇంకా పాత ఓనరు పేరే, కానీ ఆర్‌సీ, సంతకం చేసిన ఫారాలు ఉన్నాయన్నారు. రెండిటి చాసిస్ నెంబర్లు హ్యాండిల్ కింద మెడ దగ్గర గుడ్డతో తుడిచి చదివాం, రెండూ ఎంబీఎల్‌తో మొదలయ్యాయి, ఆర్‌సీతో కలిశాయి. ఇంజన్ నెంబర్లు కూడా.

ఇంకేం చూడాలి?

పదిపన్నెండు స్పానర్ · బుధవారం, రాత్రి 10:50

మంచి పని చేశావు. ఎంబీఎల్ అంటే హీరో వాళ్లదే, సరిగ్గా ఉంది.

కేఏ బండి జోలికి పోవద్దు. కర్ణాటకలో ఎన్‌ఓసీ తెచ్చుకోవాలి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ మళ్లీ కట్టాలి. నీట్‌గా ఉన్నా పాట తక్కువ ఎందుకుందో దాంట్లోనే ఉంది జవాబు.

మిగతా రెండిటికీ ఇవి చూడు. కిక్కు నెమ్మదిగా చేత్తో నొక్కు. మధ్యలో బరువుగా ఎదురు తన్నాలి. గాల్లో కాలేసినట్టు దిగిపోతే కంప్రెషన్ లేదు, బోర్ పని. కదలనే కదలకపోతే ఇంజన్ పట్టేసింది, వదిలెయ్. ఆయిల్ పుల్ల తీసి చూడు, పాలు కలిపిన టీ రంగులో ఉంటే లోపలికి నీళ్లు పోయాయి. ముందు చక్రం లేపి హ్యాండిల్ తిప్పు, మధ్యలో గాడి పడ్డట్టు ఆగితే కోన్ సెట్, అంటే హ్యాండిల్ బేరింగులు, పోయింది, అది చిన్న ఖర్చే. వెనక నిలబడి రెండు చక్రాలు ఒకే గీతలో ఉన్నాయో చూడు, లేకపోతే చాసిస్ వంగింది, అది మాత్రం ఎంత చవకైనా వద్దు. ఫోర్కుల మీద ఆయిల్ జిడ్డు ఉందేమో చూడు. టైరు పక్కన నాలుగంకెలుంటాయి, 2318 అంటే 2018లో 23వ వారం తయారైందని. మీటరు నమ్మకు. కాలు పెట్టే రబ్బరు, బ్రేకు పెడలు అరుగుదల చూడు, అవే నిజం చెప్తాయి.

2018, 2019 రెండూ కార్బురేటర్ బండ్లే, కాబట్టి నీ ఊళ్లో ఏ మెకానికైనా చేస్తాడు. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్ 6 బండికి ఫ్యూయల్ ఇంజెక్షన్, దానికి స్కానర్ కావాలి, యార్డులో పడుంటే ఖర్చు ఎక్కువ.

వైరా టీచర్ · గురువారం, ఉదయం 6:15

చాసిస్ నెంబరు ఎన్‌సీఆర్‌బీ (జాతీయ నేర రికార్డుల సంస్థ) సైట్లో కూడా కొట్టి చూడు బాబూ, దొంగతనం కేసు ఉంటే తెలుస్తుంది. చలాన్లు చూసుకో. ఎంత దాటి పాడకూడదో ముందే ఒక గీత గీసుకుని, అది కాగితం మీద రాసి జేబులో పెట్టుకో. పాట వేడిలో మనిషి లెక్క మరిచిపోతాడు.

ఉండవల్లి కుర్రోడు · శుక్రవారం, రాత్రి 9:30

2019 బండి పోయింది. నా గీత 24 వేలు. ఆఖరి నిమిషంలో 23,500 దగ్గర నేనే పైనున్నా, ఇంకో పదిహేను సెకన్లే ఉన్నాయి. ఎవరో 24,000 కొట్టారు, టైము మళ్లీ పెరిగింది. అలా ఎనిమిది సార్లు పెరిగి 29,500 దగ్గర ఆగింది. 24,500 నొక్కబోయి ఆగాను. చెయ్యి వణికింది, నిజం.

ఇంకో సంగతి. ఈ రోజే ఫోన్‌లో ఒకతను 2021 షైన్ 19 వేలకిస్తానన్నాడు. ఆర్మీలో ఉన్నాడట, బదిలీ అయ్యిందట, ఐడీ కార్డు ఫొటో కూడా పంపాడు. బండి ఎయిర్‌పోర్టు పార్కింగ్‌లో ఉంది, ఆర్మీ ట్రాన్స్‌పోర్టులో పంపిస్తా, ముందు 2,150 వెయ్యమంటున్నాడు.

డాలస్ కడప · శుక్రవారం, రాత్రి 9:38

వెయ్యొద్దు తమ్ముడూ! మోసం!

యార్డు మనిషి · శుక్రవారం, రాత్రి 9:41

గీ మోసం ఏండ్ల సంది నడుస్తున్నది. ఐడీ కార్డు వేరే జవానుది దొంగిలించిన ఫొటో. 2,150 వేస్తె రేపు జీఎస్టీ అని 6 వేలు అడుగుతడు, ఎల్లుండి గేటు ఫీజు అంటడు. క్యూఆర్ కోడ్ పంపి "స్కాన్ చేస్తె నీ పైసలు వాపస్" అంటె అసలే చెయ్యకు. పైసలు రావాలంటె పిన్ కొట్టుడు ఉండదు. ఇప్పటికే వేసినవా? వేస్తె వెంటనే సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి కాల్ చెయ్యి.

ఉండవల్లి కుర్రోడు · శుక్రవారం, రాత్రి 9:50

వెయ్యలేదన్నా. ఇక్కడ అడిగి వేద్దామనుకున్నా. బ్లాక్ చేశా.

ఉండవల్లి కుర్రోడు · తరవాతి బుధవారం, రాత్రి 8:20

2018 బండి నా పాటకి ఖాయమైంది. 22,000. అప్రూవల్‌కి నాలుగు రోజులు పట్టింది, నిద్ర లేదు. ఈ రోజు డబ్బు కట్టా, శనివారం తెచ్చుకుంటా.

ఉండవల్లి కుర్రోడు · మూడు వారాల తరవాత

బండికి అయిన మొత్తం లెక్క ఇదిగో. బండి 22,000. సైటు ఫీజు జీఎస్టీతో 1,770. చిన్న ట్రక్కులో తెచ్చినందుకు 700. బ్యాటరీ 1,150. వెనక టైరు 1,650, ముందుది పర్లేదన్నాడు మెకానిక్. చైన్ స్ప్రాకెట్ 1,200. కార్బురేటర్ శుభ్రం చెయ్యడం, ఆయిల్, ప్లగ్గు, కేబుళ్లు కలిపి 1,300. కోన్ సెట్, కూలీ 1,400. థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ 714, జీఎస్టీ కలిపితే 843. పేరు మార్పు, లోన్ తీసివేత ఫీజులు, కాగితాల ఖర్చు అన్నీ 1,450. పాత చలాన్లు రెండు, 1,070. మొత్తం 34,533.

బేరగాడు అన్నా, మీరు చెప్పింది కూడా ఇందులో ఉంది. ఐదు రోజులు పనికి పోలేదు, ఆ కూలి ఈ లెక్కలో రాయలేదు. అది కలిపితే మిగిలింది రెండు మూడు వేలే. మెకానిక్ తెలిసినవాడు కాకపోతే అదీ ఉండేది కాదు. కానీ నా దగ్గర 42 లేవు, 35 ఉన్నాయి, బండి ఉంది.

బేరగాడు · అదే రోజు, రాత్రి 10:00

నిజాయితీ లెక్క తమ్ముడూ. ఇదే బండిని నేను 41కి అమ్ముతా. నువ్వు గీత దగ్గర ఆగినావు చూడు, అది నేను పది సంవత్సరాలకి నేర్చుకున్నా.

నా సంగతి కూడా చెప్పాల. పదకొండులో ఏడు మార్పించినా. ఇద్దురు ఫోన్ ఎత్తట్లేదు, రెండు బండ్లు మళ్లీ అమ్ముడుపోయినాయి, జాడ తీస్తాండా. ఇప్పుడు పేరు మార్చకుండా బండి షాపు దాటనియ్యను.

కంది చేను · మరో ఐదు వారాలకి

మేడం, యార్డు అన్నా, మీరు చెప్పినట్టే లెటర్లు రాసిన. కంపెనీ మొదటి లెటరుకు పలకలే. ఓంబుడ్స్‌మన్‌కు పెట్టినంక పన్నెండు దినాలకు ఫోన్ వచ్చింది. బండి కొన్నాయన పటాన్‌చెరుల ఉంటడు. ఆర్టీఓ ఆఫీసుల కలిసినం. ఆయనకు కూడ పేరు మారలే అని తెల్వది పాపం, డీలరు చేయిస్త అని పైసలు తీసుకున్నడట. చలాన్లు ఆయనే కట్టిండు. మొన్న మంగళవారం రికార్డుల నా పేరు పోయింది. 22 వేల బాకీ సంగతి ఇంకా నడుస్తున్నది, అమ్మకం లెక్క ఇయ్యిమని పట్టుబట్టిన.

తమ్మీ, నీ ఆర్‌సీ వచ్చిందా?

ఉండవల్లి కుర్రోడు · అదే రోజు, రాత్రి 10:15

వచ్చిందన్నా, నిన్ననే. నా పేరు, నాన్న పేరు, లోన్ గడి ఖాళీ. అమ్మ దేవుడి పటం దగ్గర పెట్టి మళ్లీ ఇచ్చింది. ఈ రాత్రి తొమ్మిది నలభైకి షట్టర్ దించా, పదీ పదికి ఇంట్లో ఉన్నా. ఐఎస్ఐ హెల్మెట్ కొన్నా, 1,150. అమ్మని గుడికి తీసుకెళ్లడానికి రెండోది వచ్చే నెల జీతంలో.